గోడకు కాదు, గేటుకు వయసొచ్చింది

2024 ఆగస్టు 10 రాత్రి, హొసపేట దగ్గర తుంగభద్ర జలాశయం నిండుకుండలా ఉన్న సమయంలో, 19వ క్రస్ట్ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీ నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు దూకాయి. అంటే రోజుకు 3 టీఎంసీలు. నీటిమట్టం దించితే తప్ప మరమ్మతు సాధ్యం కాదు కాబట్టి మిగతా గేట్లూ ఎత్తి లక్ష క్యూసెక్కులకు అటూ ఇటూగా వదిలేశారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, నీరు పారుతుండగానే ఇనుప పలకలు ఒకదానిపై ఒకటి దించి వారం తిరిగేలోగా ప్రవాహాన్ని ఆపారు. ఆ సాహసానికి ఎన్ని సన్మానాలు చేసినా తక్కువే. అయితే అంత సాహసం ఎందుకు అవసరమైందన్న ప్రశ్న సన్మానాల సందడిలో వెనక్కి పోయింది. 1953లో పూర్తయిన ఆనకట్టకు డెబ్బయ్యేళ్లు నిండాయి, పాతబడింది, అందుకే ఇలా జరిగిందని చాలామంది తేల్చేశారు. ఆ మాట సగమే నిజం.

తుంగభద్ర రాతికట్టు. ఆ కట్టడంలో సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ వాడారు. ఆ గోడకు ఆ రాత్రి ఏమీ కాలేదు. మన దేశంలో వందేళ్లు దాటిన పెద్ద ఆనకట్టలు రెండు వందలకు పైగా ఉన్నాయి. రాయి, కాంక్రీటు అంత తేలిగ్గా ముసలివి కావు. కదిలే ఇనుముకే వయసు త్వరగా మీద పడుతుంది. నీటిలో నానే గేటు అంచులు, తుప్పు పట్టే గొలుసు లంకెలు, అరిగే పళ్లచక్రాలు, ఎండిపోయే గ్రీజు, కరెంటు పోతే ఆగిపోయే మోటార్లు. ఇవి పాత ప్రాజెక్టుల్లోనే మొరాయిస్తాయనుకోవడమూ పొరపాటే. పులిచింతల ఎంతో కొత్తది. 2021 ఆగస్టులో దాని 16వ గేటు ఊడిపోయింది. మరుసటేడు గుండ్లకమ్మలో ఒక గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది కడెం ప్రాజెక్టును వరద ముంచెత్తినప్పుడు 18 గేట్లలో ఒకటి పైకి లేవలేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టులోనూ అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. ఎగువన పింఛ కట్ట తెగి వచ్చిన వరదను మిగతా గేట్లు మోయలేకపోయాయి. మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతంలోని ఊళ్లు కొట్టుకుపోయాయి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వయసు కన్నా నిర్వహణే పెద్ద విషయమని తెలుస్తుంది.

మరి నిర్వహణ ఎందుకు జరగదు? డబ్బు లేక అన్నది సులువైన జవాబు. గ్రీజుకూ గొలుసులకూ అయ్యే ఖర్చు, ప్రాజెక్టు విలువతో పోలిస్తే లెక్కలోకి రాదు. అసలు చిక్కు నీటి దగ్గరుంది. గేటును పూర్తిగా విప్పి బాగుచేయాలంటే దాని ముందు నీరు ఉండకూడదు. స్టాప్‌లాగ్ గేట్లు ఉంటే జలాశయం నిండుగా ఉన్నా ఆ ఒక్క ఖాళీని మూసి పని చేసుకోవచ్చు. 2024లో తుంగభద్రలో ఆ ఏర్పాటు సిద్ధంగా లేదు. అది లేనప్పుడు నీటిమట్టం తగ్గించాలి, అంటే ఎవరి వాటాలోనో కోత పడాలి. కృష్ణా జలాల ట్రిబ్యునల్ లెక్క ప్రకారం తుంగభద్ర నీటిలో కర్ణాటకకు 151.49, ఆంధ్రప్రదేశ్‌కు 72, తెలంగాణకు 6.51 టీఎంసీలు. కాగితం మీది ఈ వాటాలే పూర్తిగా అందడం లేదు. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 105.788 టీఎంసీలకు కుదించుకుపోయింది. పోయిన 27 టీఎంసీలు, అనంతపురానికి నీళ్లిచ్చే ఎగువ కాలువకు ఆంధ్రప్రదేశ్ వాటాగా రావాల్సిన 32.5 టీఎంసీలకు అంత దూరంలో లేవు. ఇంత కరవులో ఒక పంటకాలం నీళ్లు తగ్గించుకుంటామని ఏ రాష్ట్రం అంత తేలిగ్గా ముందుకొస్తుంది? జలాశయం ఏ పని కోసం కట్టారో ఆ పనే దాని భద్రతకు అడ్డం పడుతోంది.

రైతు అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. ఒక పంటకాలం పోతే అప్పు వడ్డీతో సహా నెత్తిన పడుతుంది, మరమ్మతు భారం మేమే ఎందుకు మోయాలని అతను అడిగితే తప్పు లేదు. కాని రెండో వైపు లెక్క చూడాలి. 2024లో ఆ వారం రోజుల్లో 30 టీఎంసీలకు పైగా నీరు ఎవరికీ దక్కకుండా కిందికి పోయింది. దిగువన ఆ నీటిని పట్టుకోవాల్సిన శ్రీశైలం, నాగార్జునసాగర్ అప్పటికే నిండి ఉన్నాయి. తర్వాత వానలు కరుణించి జలాశయం మళ్లీ కోలుకుంది, అది అదృష్టం. మరుసటేడు గేట్ల మీద నమ్మకం లేక నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేయాల్సి వచ్చింది. ముందే తేదీ చెప్పి, వేసవిలో, పరిహారం ఇచ్చి తగ్గించే నీరు వేరు. అర్ధరాత్రి గొలుసు తెగి పోయే నీరు వేరు. మొదటిదానికి రైతు విత్తనం కొనకుండా ఆగగలడు.

కొత్త జలాశయం కడితే సరిపోతుందనే వాదన కూడా ఉంది. పూడిక నష్టానికి బదులుగా నవలి దగ్గర సమతుల్య జలాశయం కట్టాలని కర్ణాటక చాలాకాలంగా అడుగుతోంది. నిల్వ సంగతి ఏమోగాని, తుంగభద్ర 33 గేట్లకు అది ఏ విధంగానూ మందు కాదు. పైగా దానికీ గేట్లుంటాయి. పూడిక తీసేద్దామంటే అన్ని టీఎంసీల మట్టిని పోయడానికి చోటు చూపాలి. ఈ రెండు చర్చలూ సాగనివ్వండి, గేట్ల మార్పిడిని మాత్రం వాటికి ముడిపెట్టకూడదు.

2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు తప్పనిసరి, బాధ్యత ఆనకట్ట యజమానిదే. ఆయకట్టు రైతులు, నీటి సంఘాల వాళ్లు ఈసారి అధికారులను కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడిగేటప్పుడే, ఈ ఏడాది గేట్ల తనిఖీ నివేదికలో ఏముందో, స్టాప్‌లాగ్‌లు సిద్ధంగా ఉన్నాయో లేదో కూడా అడగండి.