మూతి దెబ్బతిన్న తుపాకి - గుఱి పరీక్ష

అడవిపందులు చేలలో పడు కాలము సమీపించినది. వేరుసెనగ ఊరునపుడును, మొక్కజొన్న పాలుపట్టునపుడును మంచెలపై రాత్రులు మేలుకొను మన సభ్యులలో కొందఱకు, మూతినుండి మందు దట్టించు తుపాకులు లైసెన్సుపై కలవు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ ప్రకరణమున, నిజముగ పంటరక్షణకై ఇట్టి తుపాకికి లైసెన్సు నిచ్చు ఏర్పాటు ప్రత్యేకించి చెప్పబడియున్నది. ఇవి చాలవఱకు తాతలనాటివి. అటకపైనుండి దింపునప్పటికి లోపల తుప్పో, మూతియొద్ద చొట్టయో కనబడును. "గుఱి కుదురుట లేదు, గొట్టము పాడైనదా?" యని పలువురు మమ్ము నడిగిరి. తుపాకి మా వృత్తిలోనిది కాదు. పరీక్ష మాత్రము మా వృత్తియే గనుక లైసెన్సుగల తుపాకి మిస్త్రీతో గూడి చూచి, తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

గుఱికంటె ముందు ప్రాణము. పగులుగాని లోపల ఉబ్బుగాని యున్న గొట్టమునకు గుఱి పరీక్షయే లేదు. మొదట తుపాకిలో పాతమందు మిగిలియున్నదేమో చూడవలయును. దట్టించు కమ్మిని లోనికి జాఱవిడిచి, మూతియొద్ద గుర్తుపెట్టి, వెలికి తీసి గొట్టముప్రక్కన ఆనించి చూచినచో, కమ్మి మందుగది అడుగువఱకు పోయినదో లేదో తెలియును. పోనిచో లోపల మందో గుండో మట్టియో యున్నదన్నమాట. గోడలకు మట్టిగూళ్లు కట్టు కందిరీగ తుపాకిమూతిని విడిచిపెట్టదు. ఆ గూటితో కాల్చిన గొట్టము నిలువదు. పాతమందు కనబడినచో తాము తవ్వితీయక మిస్త్రీకే అప్పగింపవలయును.

తుపాకి ఖాళీయని తేలినపిదప కమ్మికొనకు బిగువుగ గుడ్డచుట్టి మెల్లగ నడుపవలయును. గుడ్డ చినిగి వచ్చినచో తుప్పుగుంటలు కలవు. ఒకచోట చేతికి హఠాత్తుగ వదులుతగిలి మరల బిగిసినచో అది ఉబ్బు. గుండు మందుపై ఆనక నడుమ ఖాళీ మిగిలినప్పుడు కాల్చుటవలన ఇట్టి ఉబ్బు కలుగును.

ఒక వృద్ధసభ్యుడు తన తుపాకిని గోనెలో చుట్టి తెచ్చెను. అది మంచెపైనుండి బండమీద పడి మూతి అంచు చితికినది. ఆయన దిగులంతయు ఆ అంచుమీదనే. మిస్త్రీ కమ్మి నడుపగా మడమవైపు జానెడు దూరమున గుడ్డ వదులైనది, రెండవమాఱును అక్కడనే. "పెద్దయ్యా, దీనిని ఇక కాల్చకుడు" అంటిమి. "మా నాయన చేతిదయ్యా, ముప్పదియేండ్లుగా నేనును కాల్చుచుంటిని గదా" అని ఆయన చాలసేపు దానిని ఒడిలోనుంచుకొని కూర్చుండెను. మంచెపై ఇప్పుడు కాల్చుచున్నది ఆయన మనుమడు. మఱునాడు పోలీసుఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకొనెను.

రెండవ తుపాకికి మూతి అంచున ఒకప్రక్క చిన్న నొక్కు మాత్రమే యున్నది. దాని యజమాని ఒక మొద్దుపై ఒక్క గుండు కాల్చి, అది ఎడమకు పోయినదని గుఱిమొనను ఆకురాయితో రాచెను. మరల ఒకటి కాల్చగా కుడికి పోయినది. ఒక్క మొక్కను కొలిచి మడిదిగుబడి చెప్పినట్లున్నది! ఒక్క గుండు ఏమియు చెప్పదు. కొన్ని గుండ్లు కాల్చి, అవి ఒకదానికొకటి ఎంతదూరమున పడినవో చూచినప్పుడే గొట్టము మాట్లాడును.

గుండు మూతి విడుచు క్షణమున వెనుకనున్న ఆవిరి అన్నివైపుల ఒక్కసారి వెలువడవలయును. అంచు ఒకచోట నొక్కుకొనిపోయినచో ఆవిరి ఆ త్రోవనే ముందుగ తప్పించుకొని గుండును ప్రక్కకు నెట్టును. మన పంటరక్షణ తుపాకుల గొట్టము లోపల నునుపు. రైఫిలు గొట్టములోనన్ననో మెలితిరిగిన చాళ్లుండి గుండును బొంగరమువలె త్రిప్పును. అందు పొడుగుపాటి గుండు వాడుదురు గనుక మూతిచెఱుపు ఇంకను ఎక్కువ హానిచేయును. గొట్టపు పనితనము ఎంత తేడా తెచ్చునో 1857లో ఇంగ్లాండులోని హైత్ నగరమున జరిగిన పోటీ చూపినది. రెండును మూతినుండి దట్టించు రైఫిళ్లే. 1500 అడుగుల దూరమున ఎన్‌ఫీల్డు రైఫిలు గుండ్లు సగటున 2.24 అడుగులు తప్పగా, విట్వర్తు రైఫిలువి 0.37 అడుగు మాత్రమే తప్పినవి.

మేము చేసిన విధమిది. మొదటి గుండును ఎవరును భుజమున మోపలేదు. తుపాకిని బరువైన చట్రమునకు కట్టి, మిస్త్రీ దూరమునుండి త్రాటితో మీట లాగెను. అది క్షేమముగ జరిగినపిదప, మనిషిని మించు మట్టికట్ట ముందు తెల్లని అట్ట నిలిపి, నడుమ నల్లచుక్క పెట్టి, 75 అడుగుల దూరమున ఇసుకసంచిపై తుపాకి కొయ్యభాగమును ఆనించితిమి. గొట్టమును ఆనింపరాదు. మందు మిస్త్రీ చెప్పిన కొలతనే, గీటుకు గీటుగ. గుండ్లు ఒకే అచ్చువి, గుడ్డ ఒకే తానులోనిది, కాల్చువాడు ఒక్కడే. గుండు మందుపై ఆనినప్పుడు కమ్మిమీద పెట్టిన గీత ప్రతిసారి మూతికి సరిగ వచ్చినదో చూచితిమి. నల్లమందు కాలినపిదప సగమునకు పైగా మసిగాను బూడిదగాను మిగులును గనుక, ప్రతి కాల్పు తరువాత గొట్టము చల్లాఱనిచ్చి, తడిగుడ్డతోను పొడిగుడ్డతోను తుడిచితిమి. నూనెగొట్టమునుండి పోయిన తొలిగుండును లెక్కలో చేర్చలేదు. తరువాత ఐదుగుండ్లు, ఎక్కడ పడినను గుఱి మార్చక, అదే చుక్కకు.

ఐదును చేటంత మేర చెదరినవి. రెండవ అట్టపైనను అంతే. అన్ని గుండ్లును ఒకచోట గుంపుగ పడి చుక్కకు దూరమైనచో దోషము గుఱిమొనది. ఇట్లు చెదరినచో గొట్టమునదో దట్టింపునదో. ఎరువును విత్తనమును ఒకేసారి మార్చిన మడివలన ఏది మేలుచేసినదో తెలియదు, ఇక్కడను అంతే. కావున మందును గుండును గుడ్డను కదల్పక, మూతి నొక్కటే మిస్త్రీచేత సరిచేయించితిమి. మరల ఐదుగుండ్లు కాల్చగా అవి అన్నము తిను కంచమంతలో పడినవి, కొంచెము కుడిగా. కుడికి పోవుటకు కారణము యజమాని ఆకురాయియే!

మూతిని ఇంటిలో రాచుకొనరాదు. బాగుచేయుటకును పరీక్షించుటకును లైసెన్సు వలయునని 5వ ప్రకరణమును, లైసెన్సులేక గొట్టము కుఱుచచేయరాదని 6వ ప్రకరణమును చెప్పుచున్నవి. తూటాలనుండి తీసిన పొగలేని మందు ఈ తుపాకిలో చిటికెడైనను పోయరాదు. దాని పెట్టుకు ఈ గొట్టములు తాళవు. తుపాకి లైసెన్సు పందిని చంపుటకు అనుమతి కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అధికారియొక్క వ్రాతమూలకమైన అనుమతి వేఱుగ పొందవలయును.

కాల్చిన దినముననే గొట్టమును వేడినీటితో కడిగి, ఆఱబెట్టి, నూనె పూయవలయును. బూడిద తేమను పీల్చును. ఒక్క వానరాత్రి గడచునప్పటికే లోపల ఎఱ్ఱని తుప్పు కనబడును.