కోవిడ్-19 కాలంలో విశాఖపట్నం మాజీ సైనికుల వైద్యసేవలు

కోవిడ్-19 మహమ్మారి కాలంలో (2020-2021) విశాఖపట్నం, పరిసర జిల్లాలలో నివసించే మాజీ సైనికులకు, ముఖ్యంగా వికలాంగులైన వారికి, వైద్యం అందిన విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. విశాఖపట్నం 1968లో ఏర్పడిన తూర్పు నౌకాదళ కమాండుకు కేంద్రస్థానం. నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి ఆసుపత్రి ఈ నగరంలోనే ఉంది.

నేపథ్యం

మాజీ సైనికుల చందాసహిత ఆరోగ్య పథకం (ఇ.సి.హెచ్.ఎస్.) 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. సభ్యుడు మొదట పాలీక్లినిక్‌కు వెళ్ళాలి. అక్కడి వైద్యుడు అవసరమని భావిస్తే సైనిక ఆసుపత్రికి గాని, పథకం గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రికి గాని పంపుతాడు. యుద్ధంలో వికలాంగులైన వారికి చందా మినహాయింపు ఉంది. అయితే చందా లేకపోయినా ప్రయాణం తప్పదు. పాలీక్లినిక్‌కు చేరుకోవడమే చికిత్సకు తొలిమెట్టు.

లాక్‌డౌన్ ప్రభావం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులు మే 21న గాని తిరిగి రోడ్డెక్కలేదు. చక్రాల కుర్చీపైనో, కృత్రిమ అవయవంపైనో ఆధారపడేవారికి ఈ విరామం ఎక్కువ భారమైంది. మందులను బయట కొని, తరువాత ఖర్చు రాబట్టుకొనే వెసులుబాటును పథకం కల్పించింది. కోవిడ్ సోకిన సభ్యులకు కుటుంబానికొక పల్స్ ఆక్సీమీటరు ఖర్చును రూ.1200 వరకు చెల్లించేందుకు అనుమతించింది. ఈ రెండు ఏర్పాట్లలోనూ ముందుగా డబ్బు పెట్టవలసినది రోగియే.

ఆక్సిజన్ సరఫరా

2020 ఏప్రిల్‌లో విశాఖ నేవల్ డాక్‌యార్డు సిబ్బంది ఒకే సిలిండరు నుండి ఆరుగురికి ఆక్సిజన్ అందించే పరికరాన్ని తయారుచేశారు. దీనిని కల్యాణి ఆసుపత్రిలో పరీక్షించారు. రెండవ విడత ఉధృతిలో, 2021 ఏప్రిల్ 22న, దేశంలో ద్రవ ఆక్సిజన్‌తో నిండిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారం నుండి మహారాష్ట్రకు బయలుదేరింది.

దూరవైద్యం, టీకా

రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2021 మే 27న సెహత్ ఓపీడీ అనే దూరవైద్య సేవను ప్రారంభించాడు. దీని ద్వారా మాజీ సైనికులు, వారి కుటుంబాలు ఇంటినుండే ఉచితంగా వైద్యుని సంప్రదించవచ్చు. అదే నెలలో దేశంలోని 51 పాలీక్లినిక్‌లలో రాత్రివేళ సేవలకై తాత్కాలిక సిబ్బంది నియామకానికి అనుమతి లభించింది. ఇల్లు కదలలేని వారికి, వికలాంగులకు ఇంటివద్దనే టీకా వేయాలని కేంద్రప్రభుత్వం 2021 సెప్టెంబరులో ప్రకటించింది.

పరిమితులు

దూరవైద్యం సలహాకు, మందుల చీటీకి సరిపోతుంది. పడకపుండ్లకు కట్టుకట్టడం, మూత్రనాళికను మార్చడం, ఫిజియోథెరపీ, కృత్రిమ కాలును అమర్చి సరిచేయడం వంటివి మనిషి చేతితో జరగవలసిన పనులు. సైనికుల కృత్రిమ అవయవ కేంద్రం పుణెలో ఉన్నందున రైళ్ళు నిలిచిన కాలంలో అక్కడికి వెళ్ళడం మరింత కష్టమైంది. వికలాంగుల హక్కుల చట్టం (2016) విపత్తులలో వికలాంగులకు సమాన రక్షణ కల్పించాలని నిర్దేశిస్తుంది. మహమ్మారి అనుభవాన్ని బట్టి చూస్తే, ఆ రక్షణలో మందులతో పాటు రవాణా, ఇంటివద్ద పరిచర్య కూడా భాగమే.