గుడ్డులో ఊపిరి

మూలపేట తీరానికి చేరువలోనే, టెక్కలి మండలంలో, తేలినీలాపురం అనే ఊరుంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా అక్కడి చెట్లమీద గూళ్ళు కట్టి గుడ్లు పెడతాయి. గూడబాతు సుమారు నెల్లాళ్ళు గుడ్లను పొదుగుతుంది. అన్నాళ్ళూ లోపలి పిల్లకు తలుపూ లేదు, కిటికీ లేదు. మరి దానికి ఊపిరెలా ఆడుతుంది?

తెలుసుకోవడానికి మీరు గూళ్ళ దగ్గరకు వెళ్ళనక్కర్లేదు, వెళ్ళకూడదు కూడా. ఇంట్లోని కోడిగుడ్డు చాలు. పచ్చిగుడ్డును బాగా వెచ్చని నీటిలో ముంచి చూడండి. పెంకుమీద అక్కడక్కడ సన్నని బుడగలు పుట్టుకొస్తాయి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా బయటపడుతోందన్నమాట. ఒక్క గుడ్డుకు ఇలాంటి రంధ్రాలు దాదాపు 10,000 ఉంటాయి!

అయితే లోపలికి వచ్చిన ప్రాణవాయువును అందుకొనేదెవరు? ఊపిరితిత్తులా, అవింకా ద్రవంలో మునిగి ఉన్నాయి. అందుకని పిండం నుంచి ఒక సంచి బయలుదేరి, పెంకు లోపలి పొర కిందుగా పరుచుకుంటుంది. దాని నిండా రక్తనాళాలే. పన్నెండు రోజులు పొదిగిన గుడ్డును చీకటిగదిలో టార్చిలైటుకు అడ్డుపెడితే, సన్నని వేళ్ళలా కనిపించేవి ఈ నాళాలే. వాటిలోని రక్తం ప్రాణవాయువును తీసుకొని, బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. ఇందుకు రొమ్ము ఎగసిపడనక్కర్లేదు. వాయువులు ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి వాటంతట అవే వ్యాపిస్తాయి. 60 గ్రాముల కోడిగుడ్డు 21 రోజుల్లో ఇలా సుమారు 6 లీటర్ల ప్రాణవాయువు తీసుకొంటుంది. అంటే తన ఘనపరిమాణానికి వందరెట్లు!

ఆ రంధ్రాల దారినే నీటి ఆవిరీ పోతుంది. పోయినమేరకు గుడ్డు మొద్దుచివర ఉండే గాలిగది పెద్దదవుతుంది. పాతగుడ్డు నీళ్ళలో తేలేది ఇందుకే. ఈ సంగతి మన అమ్మమ్మలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

పిల్లకు మాత్రం ఆ గాలిగది ప్రాణావసరం. చివరి రోజులకు ఒళ్ళు పెరుగుతుంది, రంధ్రాలు మాత్రం పెరగవు. ఊపిరి చాలక, సుమారు 20వ రోజున పిల్ల ముక్కుతో పొరను పొడిచి, గాలిగదిలో మొదటిసారి ఊపిరి పీలుస్తుంది. గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే కిచకిచ వినిపించేది అప్పుడే. ఆ గాలీ ఎంతోసేపు చాలదు. ముక్కుకొసన ఉన్న గట్టి మొటిమతో పెంకును పగులగొడుతుంది.

పగులు పడ్డాక పిల్ల గంటల తరబడి ఊరుకుంటుంది. అప్పుడు జాలిపడి పెంకు ఒలవకండి! పొర కింది నాళాల్లో రక్తం ఇంకా పారుతూనే ఉంటుంది. అవి తెగితే పిల్ల చనిపోవచ్చు. ఊపిరితిత్తులు పని అందుకున్నకొద్దీ ఆ నాళాలు వట్టిపోతాయి. ఆ తరవాత పిల్లే లోపల చుట్టూ తిరుగుతూ పెంకును గుండ్రంగా చిదుపుకొని, మూతలా తోసుకొని బయటికొస్తుంది.