గాలి చూసి ఒడ్డు, ఒడ్డు చూసి టికెట్టు

జనగామ జిల్లా తరిగొప్పుల నుంచి సముద్రం ఎటు పోయినా రెండొందల యాభై కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి పిల్లలకు నీళ్లంటే చెరువు, వ్యవసాయ బావి. ఈత నేర్వడమంటే వీపుకు బెండ్లు కట్టుకుని, నడుముకు కట్టిన తాడు కొసను గడ్డ మీద పెద్దవాళ్లు పట్టుకుంటే బావిలోకి దుంకడం. ఇలాంటి ఊళ్ల నుంచి వెళ్లి హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు వేసవి సెలవులకు ఫుకెట్, బాలి, శ్రీలంక తీరాల వైపు చూస్తున్నాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కితే కొద్ది గంటల్లో సముద్రం.

చిక్కు మన సెలవులతోనే ఉంది. తెలంగాణలో బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఆ రోజుల్లోనే హిందూ మహాసముద్రం మీద గాలి దారి మార్చుకుంటుంది. కొన్ని తీరాల్లో మే నెలాఖరుకు గదుల ధరలు తగ్గడం వెనుక ఉన్నది ఈ గాలే. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ధర కన్నా ముందు గాలి సంగతి తెలుసుకోవాలి.

ఏ ఒడ్డు ఎప్పుడు?

ఎండాకాలంలో నేల త్వరగా కాగుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేస్తే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది తేమగాలి వస్తుంది. అదే నైరుతి రుతుపవనం. సాధారణంగా మే మూడో వారానికి అండమాన్ సముద్రాన్ని, జూన్ 1 నాటికి కేరళను తాకుతుంది. వందల కిలోమీటర్ల నీటి మీదుగా సాగివచ్చే ఈ గాలి లేపే అలలన్నీ పడమటి తీరాలకే కొట్టుకుంటాయి. ఫుకెట్‌లో పేరున్న పటాంగ్, కరోన్, కటా బీచ్‌లు మూడూ పడమటి వైపువే. మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ ఎర్రజెండాలు తరచుగా ఎగురుతుంటాయి. శ్రీలంకలో బెంతోట, హిక్కడువ తీరాలదీ, మన గోవాదీ ఇదే పరిస్థితి.

మరి ఎటు పోవాలి? కొండ చాటున ఉన్న ఒడ్డుకు. శ్రీలంక నడుమ రెండున్నర వేల మీటర్ల ఎత్తు దాకా లేచిన కొండలు నైరుతి గాలిని అడ్డుకుంటాయి. అందుకే పడమట వాన, పోటు ఉన్న నెలల్లో తూర్పున త్రికోణమలై, పాసికుడా తీరాలు నెమ్మదిగా ఉంటాయి. పాసికుడాలో చాలా దూరం నడిచినా నీళ్లు లోతుకావు. ఫుకెట్ ఉన్న థాయ్‌లాండ్‌లోనూ అంతే, తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్న కో సముయికి ప్రధాన భూభాగం అడ్డు. అక్కడ పెద్ద వానలు అక్టోబర్ తర్వాతే. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలికి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. అయితే కుటా బీచ్‌లో అలలు పెద్దవి. సనూర్‌లో పగడపు దిబ్బ అలలను దూరంలోనే విరగ్గొడుతుంది కాబట్టి పిల్లలకు అదే మేలు. బంధువులున్నారని దుబాయ్ వెళ్తే అలలతో ఇబ్బంది తక్కువ, ఎండతోనే గొడవ. జూన్‌లో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుతుంది, సముద్రపు నీరు 30 దాటుతుంది, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. అక్కడ బీచ్ తెల్లవారుజామున గానీ, పొద్దుగూకినాక గానీ.

నెమ్మది తీరంలోనూ ఒక మెలిక ఉంది. ఆ నెలల్లో గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. నీరు అద్దంలా కనిపిస్తున్నా, గాలి నింపిన ట్యూబ్ మీద కూర్చున్న పిల్లను ఆ గాలి చూస్తుండగానే లోపలికి తోసుకుపోతుంది. బావిలో బెండ్లకు తోడు తాడు ఉంటుంది. సముద్రంలో ట్యూబ్‌కు తాడు ఉండదు. ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్లడం మంచిది.

అలలు లేని చోట ఆపద

సముద్రంలో కొట్టుకుపోయిన వారిని అల లాక్కుపోయిందంటాం. చాలాసార్లు లాగేది వెనక్కి మళ్లే నీరు. అలలు ఇసుక దిబ్బ దాటి వరసగా వచ్చి ఒడ్డు దగ్గర నీటిని పోగేస్తాయి. ఆ నీరు తిరిగి పోవాలి. నిండిన చెరువు మత్తడి దగ్గరే దుంకినట్టు, ఆ నీరంతా దిబ్బలో పల్లంగా ఉన్న సందులోంచి ఒక్కసారిగా లోపలికి పరుగు తీస్తుంది. దీన్నే రిప్ ప్రవాహం అంటారు. మామూలుగా సెకనుకు అర మీటరు వేగంతో ఉంటుంది. ఒక్కోసారి రెండు మీటర్లు దాటుతుంది. అప్పుడు గజ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒడ్డున కాస్త ఎత్తైన చోట నిలబడి కొన్ని నిమిషాలు చూడండి. అటూ ఇటూ తెల్లటి నురగతో అలలు విరుగుతుంటే, నడుమ ఒక పట్టీ ముదురు రంగులో, అలలు విరగకుండా, నురగనూ నాచునూ లోపలికి మోసుకుపోతూ కనిపిస్తుంది. పిల్లలను ఆడించడానికి బాగుందని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకూడదు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ప్రవాహం వెడల్పు తక్కువే, పక్కకు జరిగితే వదిలేస్తుంది. ఇవన్నీ పెద్దల కోసం. పిల్లలకు ఒకటే సూత్రం: ఎరుపు, పసుపు రంగులు కలిసిన జెండాల నడుమ, లైఫ్‌గార్డు కనుచూపు మేరలో మాత్రమే నీళ్లలోకి. ఒంటి ఎర్రజెండా కనిపిస్తే ఆ పూట ఇసుకలోనే ఆట.

ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని కూడా నమ్మలేం. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుపాను లేపిన దీర్ఘ తరంగాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, గాలీ వానా లేని రోజున మన ఒడ్డుకు చేరతాయి. 2024 మే మొదటి వారంలో అలాంటివి వస్తున్నాయని హెచ్చరించిన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. మే 6న కన్యాకుమారి జిల్లాలోని ఒక బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. వెళ్లే దేశం ఏదైనా, అక్కడి వాతావరణ శాఖ ఇచ్చే అలల హెచ్చరికను రోజూ పొద్దున్నే చూడాలి.

ఆటుపోట్ల లెక్కకు మాత్రం గోడ మీది క్యాలెండర్ చాలు. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది. ఆ రోజుల్లో, తర్వాతి ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి పోతాయి. పిల్లలతో అష్టమి అటూ ఇటూ రోజులు నయం.

పిల్లల ఒంటి లెక్క వేరు

బరువుతో పోలిస్తే పిల్లల చర్మం వైశాల్యం ఎక్కువ. కాబట్టి ఎండలో త్వరగా వేడెక్కుతారు, నీళ్లలో త్వరగా చల్లబడతారు. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 29 డిగ్రీల సముద్రంలోనూ నాలుగేళ్ల పిల్లవాడు వణికేది అందుకే. పెదవులు నల్లబడ్డాయంటే బయటికి తీయాలి.

మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలా కేకలు వేయరు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు పక్కలకు చాచుకుని నీటిని కిందికి అదుముతూ ఉంటాయి. ఊపిరికే అవకాశం లేనప్పుడు అరుపు ఎక్కడిది? నిమిషం లోపే అయిపోతుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణ కారణాల్లో నీట మునగడం నాలుగోదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. అందుకే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ చేతిలో ఫోన్ ఉండకూడదు. అందరూ ఉన్నారు కదా అనుకుంటే ఎవరూ చూడరు. గంటకొకరు వంతు పెట్టుకోండి.

ఎండ సంగతి మనకు తెలుసనుకుంటాం. జనగామ ఎండ మాడుస్తుంది కాబట్టి నీడకు పోతాం. బీచ్‌లో చల్లగాలి ఆ బాధ తెలియనివ్వదు. అతినీలలోహిత కిరణాలు మాత్రం పని చేస్తూనే ఉంటాయి. ఇసుక వాటిలో 15 శాతాన్ని, సముద్రపు నురగ 25 శాతాన్ని తిప్పికొడతాయి. అర మీటరు లోతు నీటిలోకీ 40 శాతం చేరతాయి. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నంతసేపు పిల్లలు గొడుగు కింద ఉండాలి. పొడుగు చేతుల బట్టలు, టోపీ, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్. ఆరు నెలల లోపు పసికందులకు క్రీములు వద్దు, నీడే మందు. పగడపు దిబ్బలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను థాయ్‌లాండ్ 2021 నుంచి తన సముద్ర జాతీయ పార్కుల్లో నిషేధించింది. కొనేటప్పుడు డబ్బా మీది పేర్లు చదవండి.

సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీటిలో మొత్తం కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అని అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాలపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఓఆర్ఎస్ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

విమానం దిగేటప్పుడు పసివాళ్లు ఏడ్చేది చెవుల వల్ల. చెవికీ గొంతుకూ నడుమ ఉండే గొట్టం వాళ్లలో సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. గాలి పీడనం సర్దుకోదు. ఆ సమయంలో పాలు పట్టినా, నీళ్లు తాగించినా మింగినప్పుడల్లా గొట్టం తెరుచుకుంటుంది.

బయల్దేరే ముందు పిల్లలకు చెప్పాల్సింది కూడా ఉంది. 2004 డిసెంబర్ 26న ఫుకెట్‌లోని మాయ్ ఖావ్ బీచ్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండ్ అమ్మాయి నీరు వింతగా నురగలు కక్కడం చూసింది. రెండు వారాల ముందే బడిలో సునామీ పాఠం విన్నది. అమ్మానాన్నలకు చెప్పింది, సుమారు వంద మంది ఒడ్డు విడిచి బతికారు. కాబట్టి ముందు నెల చూసి దిక్కు, దిక్కు చూసి ఒడ్డు, ఆ తర్వాత టికెట్టు. టికెట్టు కొన్నాక ఒక సాయంత్రం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని సముద్రం ఎలా నడుస్తుందో చెప్పండి. మే నెలలో పడమటి ఒడ్డు ఎంత చవగ్గా దొరికినా ఐదేళ్ల లోపు పిల్లలతో అక్కడికి వెళ్లకండి.