లెక్కల ప్రశ్న ఎత్తేస్తే మార్కులు ఎవరికి?

జేఈఈ మెయిన్‌ ‘కీ’ వచ్చిందంటే చాలు.. బీర్కూర్‌ నుంచి హైదరాబాద్‌ దాకా విద్యార్థుల్లో ఒకటే చర్చ. ఆ లెక్క తప్పా? రైటా?

ప్రశ్నే తప్పని తేలితే ఎన్‌టీఏ దాన్ని తొలగిస్తుంది. ఆ షిఫ్టులో పరీక్ష రాసిన అందరికీ 4 మార్కులు కలుపుతుంది. గొడవంతా ఇక్కడే! పది నిమిషాలు తలబద్దలు కొట్టుకున్నవారికీ, చూడకుండా దాటేసినవారికీ ఒకటే లెక్క. అదే రెండు ఆప్షన్లు కరెక్టయితే, వాటిలో ఒకటి పెట్టినవారికే మార్కులు.

2017 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో లోపాలున్న ప్రశ్నలకు అందరికీ 18 బోనస్‌ మార్కులిచ్చారు. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. జులై 7న కౌన్సెలింగ్‌పై స్టే పడింది, 10న ఎత్తేశారు.

అభ్యంతరముంటే ప్రాథమిక కీ గడువులోపే ఆన్‌లైన్‌లో పెట్టండి. 2025లో ఒక్కో ప్రశ్నకు ఫీజు రూ.200. అది తిరిగి రాదు. ఫైనల్‌ కీ వచ్చాక ఎన్‌టీఏ అభ్యంతరాలు తీసుకోదు.