ఒకే సాంచె మీద రెండు చద్దర్లు

హైబ్రిడ్ కారు కొందామనుకునే మనవాళ్ళు ఎక్కువగా రెండు బండ్ల దగ్గరే ఆగుతున్నారు. ఒకటి టొయోటా హైరైడర్, రెండోది మారుతి గ్రాండ్ విటారా. మేమూ అక్కడే ఆగాం. నీలం నగర్ వాళ్ళం కాబట్టి మన భాషలోనే చెప్పుకుందాం: ఇవి ఒకే సాంచె మీద దిగిన రెండు చద్దర్లు, అంచు రంగే వేరు. 2022లో రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలో టొయోటా కర్మాగారం నుండే వచ్చాయి. స్ట్రాంగ్ హైబ్రిడ్ రకంలో రెండింటిదీ అదే 1490 సీసీ ఇంజను. కంపెనీలు అప్పుడు ప్రకటించిన మైలేజీ కూడా ఒక్కటే, లీటరుకు 27.97 కిలోమీటర్లు. కనుక ఏ పేరు గొప్పదని గల్లీలో కొట్లాడుకోవడం దండగ. సర్వీసు ఎక్కడ దగ్గర, బండి ఎప్పుడు చేతికొస్తుంది, అంతే చూసుకోవాలి.

అసలు మెలిక వేరే చోట ఉంది. మైల్డ్ హైబ్రిడ్ అని ఇంకో చౌక రకం ఉంది. అందులోని చిన్న మోటారు ఇంజనుకు చేయందిస్తుందే గాని బండిని ఒంటరిగా లాగలేదు. స్ట్రాంగ్ రకం మాత్రం ట్రాఫిక్‌లో ఆగి కదిలేటప్పుడు ఇంజను ఆపేసి కరెంటు మీద నడుస్తుంది. బ్రేకు వేస్తే వృథాగా పోయే శక్తినే బ్యాటరీకి ఎక్కించుకుంటుంది. ప్లగ్గు పెట్టే పని లేదు. అందుకే దాని లాభం ఊళ్ళో ఎక్కువ, హైవే మీద తక్కువ. మన ప్రయాణాలేమో హైదరాబాద్ రోడ్డు మీదాయె, ఒక్కో వైపు సుమారు 300 కిలోమీటర్లు!

నేను కాగితం మీద లెక్క వేశాను. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే, మైల్డ్ రకం 15, స్ట్రాంగ్ రకం 21 ఇస్తాయనుకుంటే, మిగిలే పెట్రోలు దాదాపు 190 లీటర్లు. లీటరు 105 రూపాయల చొప్పున 20,000 రూపాయలు. ధరలో తేడా రెండు లక్షలైతే అది రాబట్టడానికి పదేళ్ళు పడుతుంది. హైబ్రిడ్ బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళే. "ఆ రెండు లక్షలు సాంచెల మరమ్మతుకు పెడదాం అన్నా" అని మా తమ్ముడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు.

డిక్కీ సంగతి మా ఆవిడ పట్టుకుంది. బ్యాటరీ వెనక ఉండటంతో గ్రాండ్ విటారా స్ట్రాంగ్ రకంలో 265 లీటర్ల చోటే మిగిలింది, మైల్డ్ రకంలో 373. కరీంనగర్‌లో పెళ్ళికి వెళ్తే పెట్టుబడికి చద్దర్ల మూట, నలుగురి బట్టలు, అమ్మ మడత కుర్చీ ఎక్కడ పెడతాం? ఏడుగురు పట్టే ఇన్నోవా హైక్రాస్ ధర వినగానే ఆ మాట వదిలేశాం.

మా బావమరిది పుణేలో ఉంటాడు. రోజూ సిగ్నళ్ళ మధ్యే అతని ఉద్యోగం. నువ్వు స్ట్రాంగ్ రకమే తీసుకో బావా అని నేనే చెప్పాను. మేము మైల్డ్ రకానికి అడ్వాన్సు కట్టాం. రంగు దగ్గర ఇంకా తేలలేదు.