వీడియో నడుస్తూనే ఉంది

సెల్‌ఫోన్ పప్పుల డబ్బాకు ఆనించి ఉంది. శిక్షణ వీడియో నడుస్తోంది, శబ్దం మాత్రం లేదు. టీచరమ్మ దోసకాయ తరుగుతూ, వీడియో ఆగిపోలేదు కదా అని మధ్యమధ్య ఓ చూపు వేస్తున్నారు. చివర్లో వచ్చే క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులోకి ఎప్పుడో వచ్చేశాయి.

ఆవిడ బద్ధకస్తురాలనుకుంటే పొరపాటు. 2019 ఆగస్టులో కేంద్రం 'నిష్ఠ' అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దాదాపు 42 లక్షలమందికి ముఖాముఖి శిక్షణ ఇవ్వాలనుకున్నారు. కోవిడ్ వచ్చింది. 2020 అక్టోబరుకల్లా అదంతా 18 మాడ్యూళ్లుగా 'దీక్షా' అనే ఆన్‌లైన్ వేదికలోకి మారింది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అర్థంకానిది పక్కవాళ్లనైనా అడగొచ్చు. ఫోన్‌లో లెక్కకొచ్చేది కోర్సు పూర్తయిందా లేదా అన్నదే. దేన్ని లెక్కపెడితే జనం దాన్నే పూర్తిచేస్తారు.

పెగ్గీ ఎర్ట్మర్ అనే అమెరికన్ పరిశోధకురాలు టెక్నాలజీని తరగతిలోకి తేవడంలో టీచర్లకు ఎదురయ్యే అడ్డంకులను 1999లో రెండు రకాలుగా విడదీశారు. యంత్రాలు, నెట్, తీరిక లేకపోవడం పైకి కనిపించే రకం. పాఠం అంటే ఏమిటి, పంతులు పని ఏమిటి అని మనసులో నాటుకుపోయినవి రెండో రకం. మొదటిది డబ్బు పెడితే చాలావరకు తీరుతుంది.

చాలావరకే. తెలుగు సంగతే చూడండి. ఉపాధ్యాయులను తయారుచేసే జిల్లా శిక్షణ సంస్థ డైట్‌లో ఓ లెక్చరర్ ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేసుకున్న నోట్సు ఉంటుంది. ఆ ఫైలును ఛాత్రోపాధ్యాయుల ఫోన్లకు పంపితే తెలుగు పోయి పిచ్చి గుర్తుల వరస తెరుచుకుంటుంది. అది యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫాంటు లేని ఫోన్ దాన్ని చదవలేదు. మార్చే ఉపకరణాలున్నా, మార్చాక ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. అంత ఓపిక ఎవరికి? జిరాక్స్ కాపీలు తీయించి పంచేస్తారు. బయటివాళ్లకు అది కంప్యూటరంటే భయంలా కనిపిస్తుంది!

రెండో రకం మరీ మొండిది. 1/2కి 1/3 కలిపి పిల్లవాడు 2/5 అన్నాడనుకోండి. తరగతిలోని డిజిటల్ ప్యానెల్ ఆన్ చేయడం తెలిసినంత మాత్రాన ఆ తప్పు దిద్దలేం. ఒకే కొలత గల రెండు పట్టీలను తెరమీద పెట్టి, ఒకదాంట్లో సగం, ఇంకోదాంట్లో మూడోవంతు రంగువేసి, రెండింటినీ ఆరేసి గళ్లుగా విడగొడితే మూడు గళ్లూ రెండు గళ్లూ కలిసి 5/6 కళ్లకు కడుతుంది. లెక్క, బోధన, యంత్రం ఒక్కచోట కలిసిన నేర్పు ఇది. శిక్షణలో మాత్రం ఈ మూడూ మూడు వేర్వేరు పీరియడ్లు. కంప్యూటర్ పీరియడ్లో వర్డ్, ఎక్సెల్; గణిత బోధనా పద్ధతుల పీరియడ్లో నల్లబల్ల. తమకు పాఠం చెప్పినవాళ్లెవరూ అలా చెప్పగా చూడనివారు, రేపు తాము చెబుతారా?

అందుకే మార్కుల కోసం పాఠం చెప్పి చూపాల్సిన ఫైనల్ లెసన్ రోజున ప్యానెల్ ఉన్న గదిలోనూ ఛాత్రోపాధ్యాయురాలి చంకలో చుట్టిన చార్టు ఉంటుంది. ప్యానెల్ మొరాయిస్తే పోయేది తన మార్కులు. చార్టు మొరాయించదు.